ఫారం-ఎ, జన శుణాణి, 15100: రాయగడ సరిహద్దు ఊళ్లలో హక్కుల కోసం నిలబడేవాళ్లకు ఈ సేవలు ఎంత పనికొస్తాయి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగరం చుట్టూ తెలుగు మాట్లాడే ఊళ్లలో జనం తరఫున నిలబడేవాళ్లకు కొదవ లేదు. వార్డు మెంబరు ఉంటాడు, మహిళా సంఘం అధ్యక్షురాలు ఉంటుంది, ఒడియా మీడియంలో పది దాకా చదివిన కుర్రాడు ఉంటాడు. ఆఫీసరు ఎదుట గట్టిగా మాట్లాడగలరు, అవసరమైతే రోడ్డు మీద కూర్చోగలరు. తేడా కొట్టేది కాగితం దగ్గర. ‘మాకు అన్యాయం జరుగుతోంది, న్యాయం చేయండి’ అని రాసిన అర్జీకి ఆఫీసులో ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ‘ఫలానా రిజిస్టరులో ఫలానా నెల పేజీ నకలు ఇవ్వండి’ అన్న అర్జీకి మాత్రం చెప్పి తీరాలి. హక్కుల పనిలో మొదట నేర్వాల్సింది ఆ రెండో రకం రాత.

ఆ రాతకు ప్రభుత్వం ఇచ్చిన సేవలు ఇక్కడ ముఖ్యంగా మూడు: సమాచార హక్కు దరఖాస్తు, కలెక్టరు ఫిర్యాదుల విచారణ, ఉచిత న్యాయ సహాయం. మూడింటిలో సమాచార హక్కుదే పైచేయి అని మా అంచనా. దాని ఫారం చిరాకు పెడుతుంది, చివరి మెట్టు దగ్గర చాలా ఆలస్యం అవుతుంది, అయినా సరే. ఫిర్యాదుల విచారణ వ్యక్తిగత పనులకు బాగుంటుంది, ఊరుమ్మడి సమస్యకు అంతంత మాత్రం. న్యాయ సహాయం మంచి సేవ. దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. తెలుగులో దొరికే సమాచార హక్కు కరపత్రాలు, వీడియోలు దాదాపు అన్నీ ఆంధ్ర, తెలంగాణ నిబంధనలకు తగ్గట్టు చేసినవి. చట్టం దేశమంతా ఒకటే, 2005 నాటిదే. కానీ రుసుములు, ఫారాలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఆంధ్రలో తెల్లకాగితం మీద రాస్తే చాలు, ఊరి స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. శ్రీకాకుళంలో ఉన్న బావగారు చెప్పిన ఆ పద్ధతిలోనే రాసి ఒడిశా బ్లాకు ఆఫీసులో ఇస్తే దరఖాస్తు తిరిగొస్తుంది.

సమాచార హక్కు: 55 రూపాయల సేవ

ఒడిశా నిబంధనల ప్రకారం దరఖాస్తు ఫారం-ఎ లో ఉండాలి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, ఏ ఆఫీసు నుంచి ఏ విషయం, ఏ కాలానికి సంబంధించినది, నకళ్లు కావాలా చూసుకుంటే సరిపోతుందా, చేతికి కావాలా పోస్టులోనా అన్నవి నింపాలి. పౌరసత్వానికి, గుర్తింపుకు రుజువుగా ఓటరు కార్డు లాంటిదాని నకలు జతచేయాలి. కేంద్ర చట్టంలో ఈ గుర్తింపు షరతు లేదు. 6(2) సెక్షన్ అయితే సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదనీ, సంప్రదించడానికి కావలసిన వివరాలు తప్ప మరేమీ అడగకూడదనీ అంటుంది. ఒడిశా ఫారం మీద ఇన్నేళ్లుగా అభ్యంతరాలు వస్తున్నది ఇందుకే. ఆ వాదనలో న్యాయం ఉంది. అయితే డీలరు బియ్యం లెక్క తేల్చాలనుకున్న ఊరు ఆ పోరాటాన్ని అదే దరఖాస్తు మీద పెట్టుకోకూడదు. ఫారం నింపి, కార్డు నకలు పెట్టి, ప్రశ్న మీద దృష్టి పెట్టడం మంచిది.

దరఖాస్తు రుసుము 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అతికించవచ్చు, ట్రెజరీ చలానా కట్టవచ్చు, ఆఫీసులో నగదు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. మొదటి అప్పీలుకు 20 రూపాయలు, రెండో అప్పీలుకు 25 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. చివరిదాకా వెళ్లినా రుసుము మొత్తం 55 రూపాయలే. నకళ్లకు ఏ4 పేజీకి 2 రూపాయలు అదనం. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు చూపితే 7(5) సెక్షన్ కింద దరఖాస్తు రుసుమూ లేదు, నకళ్ల రుసుమూ లేదు. అందుకే పేజీలు ఎక్కువ ఉంటాయనుకున్న దరఖాస్తును అలాంటి రుజువు ఉన్నవాళ్ల పేరుతో వేయడం తెలివైన పని. పోస్టల్ ఆర్డరు మాత్రం పెట్టవద్దు. అది రైల్వే, తపాలా, జాతీయ బ్యాంకుల వంటి కేంద్ర సంస్థలకు చెల్లుతుంది, రాష్ట్ర ఆఫీసుకు చెల్లదు.

ఇక భాష. 6(1) సెక్షన్ ప్రకారం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో రాయాలి. ఒడిశాలో అది ఒడియా. తెలుగులో రాసిన ఫారాన్ని తిరస్కరించడానికి వాళ్లకు వీలుంది. మాట్లాడటం వచ్చి రాయడం రానివాళ్ల కోసం అదే సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: నోటితో చెప్పిన అభ్యర్థనను రాతలో పెట్టడానికి సమాచార అధికారి అన్ని విధాలా సాయం చేయాలి. ఈ వాక్యాన్ని ఒడియాలో అచ్చువేసి జేబులో పెట్టుకోవడం ప్రతి కార్యకర్తకూ అవసరం. ఇద్దరు కలిసి పనిచేస్తే ఇంకా మేలు. విషయం తెలిసిన పెద్దావిడ తెలుగులో చెబుతుంది, ఒడియా రాయగల కుర్రాడు రాస్తాడు, రాసింది మళ్లీ తెలుగులో ఆవిడకు చదివి వినిపిస్తాడు. వినిపించే ఈ పని మానేస్తే అర్థం మారిపోతుంది, ముఖ్యంగా తేదీలు, ప్లాటు నంబర్లు, డీలరు పేరు.

ప్రశ్న రాయడమే అసలు పని, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 కింద ప్రాధాన్య కుటుంబ కార్డులో తలకు నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు మొత్తం 35 కిలోలు. అయిదుగురున్న ప్రాధాన్య కార్డుకు 25 కిలోలు రావాలి. డీలరు 22 ఇస్తున్నాడు. జనం సాధారణంగా రాసేది: ‘డీలరు ఎందుకు తక్కువ ఇస్తున్నాడు? అతని మీద ఏ చర్య తీసుకుంటారు?’ ఇది వచ్చిన దారినే వెనక్కి పోతుంది. చట్టం దృష్టిలో సమాచారం అంటే రికార్డులో ఉన్నది. ఎందుకు, ఏం చేస్తారు అన్నవి రికార్డులో ఉండవు. రాయాల్సింది ఇలా:

‘ఫలానా పంచాయతీలోని ఫలానా చౌక ధరల దుకాణానికి 2025 ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు నెలవారీగా కేటాయించిన, అందజేసిన బియ్యం పరిమాణం చూపే రిజిస్టరు పేజీల ధ్రువీకరించిన నకళ్లు. అదే కాలానికి దుకాణం స్టాకు రిజిస్టరు నకలు. అదే కాలంలో అధికారులు చేసిన తనిఖీ నివేదికల నకళ్లు. నా రేషన్ కార్డు నంబరు మీద అదే కాలంలో మిషనులో నమోదైన ప్రతి లావాదేవీ తేదీ, పరిమాణం.’

మిషనులో 25 అని ఉండి, ఇంటికి 22 వచ్చి ఉంటే, తేడా ఎక్కడ పడిందో ఆ కాగితమే చెబుతుంది. నాలుగు అంశాలూ ఒకే విషయానికి చెందినవి, కాలం ఒకటే, అడిగింది నకళ్లే. ఇందులోకి ఊరి రోడ్డు, అంగన్‌వాడీ గుడ్లు కలిపితే పాడవుతుంది. వాటికి వేరే దరఖాస్తు, వేరే 10 రూపాయలు.

‘ధ్రువీకరించిన’ అన్న మాట వదలకూడదు, రేపు కోర్టులోనో విచారణలోనో పెట్టడానికి అదే కావాలి. రోడ్డు, కాలువ, బడి గోడ లాంటి పనుల్లో నకళ్లతో ఆగకుండా 2(జె) సెక్షన్ వాడాలి. పనిని చూసే హక్కు, వాడిన సామగ్రి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు అందులో ఉన్నాయి. ఎస్టిమేటు, కొలతల పుస్తకం, బిల్లు నకళ్లు ముందు తెప్పించుకుని, వాటిని చేతిలో పట్టుకుని రోడ్డు మీద టేపు పెట్టి కొలిస్తే కొత్తవాళ్లకు కూడా విషయం వెంటనే తెలుస్తుంది. కొలతల పుస్తకంలో 3 మీటర్ల వెడల్పు రాసి ఉండి రోడ్డు 2.6 ఉంటే, ఉపన్యాసం అక్కర్లేదు.

జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. తప్పు ఆఫీసుకు వెళ్లినా భయం లేదు, 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాల్సింది వాళ్లే. గడువు దాటితే 7(6) కింద నకళ్లు ఉచితం. ఈ లెక్కలన్నీ మొదలయ్యేది మాత్రం దరఖాస్తు అందిన తేదీ నుంచి. అందుకే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోకుండా ఆఫీసు గుమ్మం దిగవద్దు. ముద్ర వేయకపోతే పోస్టులో పంపాలి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరులో స్పీడ్ పోస్టు అడిగి, దానికి రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కూడా కావాలని చెప్పాలి. ట్రాకింగ్ పేజీని అందిన వారంలోనే ప్రింటు తీసి ఫైలులో పెట్టాలి.

మొదటి అప్పీలు ఫారం-డి లో, అదే శాఖలో పై అధికారికి. జవాబు వచ్చిన రోజు నుంచి, లేదా గడువు ముగిసిన రోజు నుంచి 30 రోజుల్లోపు వేయాలి. ఎక్కువ దరఖాస్తులు చచ్చిపోయేది ఇక్కడే. జవాబు రాలేదు, మళ్లీ కొత్తది వేద్దాం అనుకుంటారు. కొత్తది వేస్తే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది, పాత అధికారి మీద ఉన్న ఒత్తిడి పోతుంది. అప్పీలు మీద 30 రోజుల్లో, కారణం రాసి పొడిగిస్తే 45 రోజుల్లో నిర్ణయం రావాలి. ఆ తర్వాత 90 రోజుల్లోపు ఫారం-ఇ లో భువనేశ్వర్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం చెప్పలేదు. ఈ సేవలో పెద్ద లోపం అదే, దానికి ఊరి స్థాయిలో మందు లేదు. రాతపూర్వక వాదన గట్టిగా రాసి పంపడం ఒక్కటే మన చేతిలో ఉంది.

జరిమానా గురించి ఒక అపోహ ఉంది. 20వ సెక్షన్ కింద అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా వేసే జరిమానా ప్రభుత్వానికి పోతుంది, అడిగినవాళ్లకు కాదు. దరఖాస్తుదారుకు నష్టపరిహారం కావాలంటే 19(8)(బి) కింద విడిగా కోరాలి, ఏం నష్టం జరిగిందో లెక్క చూపాలి. రానుపోను బస్సు టికెట్లు, పోయిన కూలి రోజులు అందుకే ఫైలులో ఉండాలి.

ఇటీవలి చిక్కు ఒకటుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చేసింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో జవాబు మూసేసే వీలు పెరిగింది. ఇది పేదవాళ్ల చేతిలోని సాధనాన్ని మొండిచేసే మార్పు అని సూటిగానే చెబుతున్నాం. ఎదుర్కొనే దారులు రెండున్నాయి. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉంది, దాన్ని దరఖాస్తులోనే పేర్కొనాలి. రేషన్ విషయంలో ఆహార భద్రతా చట్టం 27వ సెక్షన్ రికార్డులన్నీ బహిరంగంగా ఉంచాలంటుంది, ఆ సెక్షన్ నంబరు రాయాలి. ఇతరుల పేర్ల జాబితా అడగకుండా పరిమాణాలు, తేదీలు, మొత్తాలు అడిగితే చాలావరకు గొడవే ఉండదు.

కాగితం వచ్చాక దాన్ని ఒక్కరి ఇంట్లో దాచకూడదు. 1994 చివర్లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ మొదలుపెట్టిన జన సునవాయిల (బహిరంగ విచారణల) బలమంతా అందులో ఉంది: బిల్లులు, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) జనం మధ్య బిగ్గరగా చదవడం, పేరున్నవాళ్లు లేచి ‘నాకు అంత ముట్టలేదు’ అనడం. మన ఊళ్లలో పల్లి సభలో, అంటే ఊరి జనమంతా కూర్చునే సభలో, అదే చేయవచ్చు. ఒడియాలో ఉన్న పేజీని తెలుగులోనూ, అవసరమైతే కుయి, సవర భాషల్లోనూ చదివించాలి. నిజం ఎక్కువమందికి తెలిసినకొద్దీ దరఖాస్తు వేసిన మనిషికి ప్రమాదం తగ్గుతుంది. గట్టి వ్యవహారమైతే ఒకే ప్రశ్నను ముగ్గురు వేర్వేరుగా వేయాలి, వారిలో ఒకరు వేరే ఊరివాళ్లైతే మరీ మంచిది.

సోమవారం విచారణ, జన శుణాణి

కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చునే ఉమ్మడి విచారణ సోమవారాల్లో ఉంటుంది. కొన్ని వారాలు బ్లాకుల్లోనే పెడతారు. ఆన్‌లైన్‌లో అయితే జన శుణాణి పోర్టల్. పింఛను ఆగిపోవడం, వికలాంగుల సర్టిఫికెట్టు, ఆసుపత్రి సాయం లాంటివాటికి ఇది త్వరగా పనిచేసే దారి. కలెక్టరు అక్కడికక్కడ ఆదేశం ఇవ్వగలరు.

లోపం దాని నిర్మాణంలోనే ఉంది. ఫిర్యాదు మెట్లు దిగుతూ చివరికి ఎవరి మీద ఫిర్యాదో ఆ ఆఫీసుకే నివేదిక కోసం చేరవచ్చు. ఆ నివేదిక ఆధారంగా ‘పరిష్కరించబడింది’ అని మూసేయవచ్చు. దీనికి విరుగుడు అర్జీలోనే పెట్టాలి: ‘విచారణ మా సమక్షంలో జరపాలి, నివేదిక నకలు ఇవ్వాలి, ఫలానా అధికారికి కాకుండా మరొకరికి అప్పగించాలి.’ మూసేశారని తెలిసిన రోజే ఆ నివేదిక కోసం ఫారం-ఎ వేయాలి. ఈ రెండు సేవలూ జతగా వాడితేనే ఫలితం.

ఎదుట నిలబడి మాట్లాడటానికి దొరికేది మూడు నిమిషాలు కూడా కాదు. నేపథ్యం నుంచి మొదలుపెట్టేవాళ్లు అసలు విషయం రాకముందే బయటికొస్తారు. మొదటి వాక్యంలో ఏం కావాలో, రెండో వాక్యంలో దానికి రుజువేమిటో, మూడో వాక్యంలో ఎప్పటిలోగా కావాలో చెప్పాలి. ‘మా వాడ 42 ఇళ్లకు బోరు బాగుచేయించండి. మార్చి 3న బ్లాకులో అర్జీ ఇచ్చాం, డైరీ నంబరు ఇది. ఈ నెలాఖరులోగా చేయిస్తామని రాసివ్వండి.’ అంతే. పదిమంది వెళ్లినా మాట్లాడేది ఒకరే ఉండాలి, ఇంకొకరు అధికారి అన్న మాటలు తేదీతో సహా రాసుకోవాలి. మాట్లాడే మనిషి నీళ్లు మోసే ఆడమనిషి అయితే ఆఫీసరు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు తడుముకోకుండా వస్తుంది.

ఇక్కడ మాత్రం తెలుగుకు చోటుంది. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. తెలుగు అర్జీ పైన ఆ అధికరణ నంబరు రాసి, కింద నాలుగు వరసల ఒడియా సారాంశం జోడించాలి. సారాంశం లేకపోతే హక్కు ఉన్నా ఫైలు కదలదు.

ఆదాయం, కులం, నివాసం సర్టిఫికెట్ల వంటి ఆలస్యాలను ఈ క్యూలోకి తేకండి. వాటికి ఒడిశా ప్రజా సేవల హక్కు చట్టం, 2012 ఉంది, గడువులున్నాయి, అప్పీలు ఉంది. బ్యాంకు, రైల్వే, పోస్టాఫీసు, పీఎఫ్ ఫిర్యాదులకు కేంద్ర పోర్టల్ సీపీగ్రామ్స్.

ఉచిత న్యాయ సహాయం

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వెట్టిచాకిరీ బాధితులు, వరద, కరువు, కుల దాడుల బాధితులు, కస్టడీలో ఉన్నవాళ్లు. వీళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్లీడరు ఉచితం. మిగతావాళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది, దానికి అఫిడవిట్ ఇస్తే చాలు. ఈ జిల్లాల్లో ఊరి జనాభాలో ఎంతమంది ఈ జాబితాలోకి వస్తారో లెక్క వేసుకోండి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవల సంస్థ, సబ్ డివిజన్ కోర్టుల దగ్గర తాలూకా సంఘం ఉంటాయి. ఫోను 15100.

కేసు ఉంటేనే వెళ్లాలనుకోవడం పొరపాటు. న్యాయ సలహా ఇవ్వడం కూడా చట్టం చెప్పిన సేవలోనే ఉంది. పారాలీగల్ వాలంటీర్లు (ఈ సంస్థ తరఫున పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు) ఫారాలు నింపడంలో సాయం చేస్తారు. ఉచిత ప్లీడరు సరిగా చూడడన్న అనుమానం జనంలో గట్టిగా ఉంది, కొన్నిసార్లు నిజం కూడా. దానికి మందు: ప్రతి వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందో రాసుకోవాలి. రెండు మూడు వాయిదాలు ఊరికే పోతే, లేదా డబ్బు అడిగితే, సంస్థ కార్యదర్శికి ఆ తేదీలతో రాసి ప్లీడరును మార్చమని కోరాలి. కార్యదర్శి న్యాయాధికారి, తేదీలున్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్ దగ్గర జాగ్రత్త. అక్కడి తీర్పు 21వ సెక్షన్ ప్రకారం అంతిమం, దాని మీద అప్పీలు లేదు. రాజీ కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అది పూర్తిగా తెలుగులో వినకుండా వేలిముద్ర వేయవద్దు. మొత్తం ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాలో అన్న మూడూ అందులో ఉండాలి. ఒప్పుకోకపోవడం కూడా హక్కే, కేసు మామూలుగా కోర్టులో కొనసాగుతుంది. కరెంటు, నీరు, ఆసుపత్రి, బీమా, రవాణా వంటి ప్రజా సేవల తగాదాలకు శాశ్వత లోక్ అదాలత్ వేరే ఉంది. అక్కడ కోటి రూపాయల విలువ దాకా, రాజీ కుదరకపోయినా తీర్పు ఇవ్వగలరు.

సరిహద్దు జిల్లాలకు ఈ సేవ ఎక్కువ అవసరమయ్యేది దాదన్ కూలీల, అంటే అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లేవాళ్ల విషయంలో. ఇటుక బట్టీలకు, కట్టడం పనులకు ఆంధ్ర, తెలంగాణ వెళ్లినవాళ్లకు అడ్వాన్సు పేరుతో లెక్క తేలదు, వెనక్కి రానివ్వరు. వెళ్లేముందే మేస్త్రీ ఫోను నంబరు, ఆధార్ లేదా బండి నంబరు, అడ్వాన్సు ఎంత, వెయ్యి ఇటుకలకు ఎంత అన్నవి ఊళ్లో ఒకరి దగ్గర రాసి ఉంచాలి. ఆపద వస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఇక్కడి స్టేషనులోనే ఎఫ్ఐఆర్ నమోదు చేయమనవచ్చు. 2024 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. తీసుకోకపోతే విషయాన్ని రాతలో ఎస్పీకి పోస్టు చేయాలి, ఆ తర్వాత మేజిస్ట్రేటు. వెట్టి అని తేలితే కూలీలను విడిపించిన చోట జిల్లా లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు నుంచి విడుదల సర్టిఫికెట్టు తీసుకోకుండా రైలెక్కించకూడదు. అడ్వాన్సు బాకీ రద్దవ్వాలన్నా, పునరావాసం సొమ్ము రావాలన్నా ఆ ఒక్క కాగితమే ఆధారం. తొందరలో దాన్ని వదిలేసి వచ్చి, తర్వాత రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరగడం కంటే పెద్ద శిక్ష లేదు.

భూమి, అడవి: తీర్మానం రాయడం

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండల్లో బాక్సైటు గనులు తవ్వాలా వద్దా అన్న విషయాన్ని గ్రామ సభలకు వదిలింది. రాయగడలో 7, కలహండిలో 5 పల్లి సభలు జరిగాయి, జిల్లా జడ్జి హోదా అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. పన్నెండూ వద్దన్నాయి. 2014లో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ పోరాటానికి వెనుక ఎన్నో ఏళ్ల కష్టం ఉంది, కానీ చివరికి లెక్కకు వచ్చింది పల్లి సభలో జనం చెప్పి, రాతలోకి ఎక్కిన మాట. అందుకే తీర్మానం రాయడం ప్రతి ఊరూ నేర్వాలి.

అటవీ హక్కుల చట్టం, 2006 కింద సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, క్లెయిముల (అడవి భూమి మీద హక్కు కోరే దరఖాస్తుల) మీద తీర్మానమైతే క్లెయిము పెట్టినవాళ్లలో సగం మంది ఉండాలి. ఇది తక్కువైన తీర్మానం పైకి వెళ్లి సాంకేతిక కారణంతో తిరిగొస్తుంది. సభ మొదట్లోనే హాజరు సంతకాలు, వేలిముద్రలు వేయించి, ఆడవాళ్ల సంఖ్య విడిగా రాయాలి. తీర్మానం ముగిసే గీత కింద వెంటనే సంతకాలు ఉండాలి, మధ్యలో ఖాళీ వదిలితే తర్వాత ఎవరైనా వాక్యం చేర్చగలరు. ప్రతి పేజీకి ఫోటో తీసి ముగ్గురి ఫోన్లలో ఉంచాలి.

వ్యక్తిగత క్లెయిముకు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉండాలి, గరిష్ఠం 4 హెక్టార్లు. ఆదివాసీలు కాని కుటుంబాలకు అదనంగా ఆ తేదీకి ముందు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం రుజువు కావాలి. సరిహద్దు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఓడిపోయేది దీని దగ్గరే, ఎందుకంటే పాత కాగితాలు మద్రాసు ప్రెసిడెన్సీ రోజులవి, తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. వాటికి ఒడియా అనువాదం జోడించాలి. దాంతోపాటు ఊరి పెద్దల వాంగ్మూలం, పాత బావి, సమాధి, గట్టు లాంటి నేల గుర్తులు పెట్టాలి. ఒకటికి మించి రుజువులు ఉండాలని నిబంధన, ఉపగ్రహ చిత్రం లేదన్న సాకుతో కొట్టేయడానికి వీల్లేదు.

తిరస్కరణ వచ్చినా, క్లెయిమును మార్చినా కారణం రాతలో అడగాలి. తెలిసిన రోజు నుంచి 60 రోజుల్లో పైకమిటీకి అర్జీ వేయాలి: గ్రామ సభ నిర్ణయమైతే సబ్ డివిజన్ కమిటీకి, దాని నిర్ణయమైతే జిల్లా కమిటీకి. నోటితో ‘మీది రాలేదమ్మా’ అని చెప్పి పంపితే అది తిరస్కరణ కిందికి రాదు. అలాంటప్పుడు నిర్ణయం నకలు కోసం ఒక ఫారం-ఎ, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు.